యాక్సిలరేటర్ పవర్ సప్లై: ధరను తేల్చేది వోల్టులా, మైక్రోసెకన్లా?

క్లుప్తంగా: పార్టికల్ యాక్సిలరేటర్లకు హై వోల్టేజ్ పల్సులు అందించే సప్లైని మాడ్యులేటర్ అంటారు. దాని ధర అంచనా వేసేటప్పుడు అందరి చూపూ ముందు కిలోవోల్టుల మీద, మెగావాట్ల మీద పడుతుంది. అసలు ఖర్చు వేరే చోట ఉంది. పల్స్ ఎంతసేపు నిలవాలి, నిలిచినంతసేపూ ఎంత చదునుగా ఉండాలి, యంత్రం ఆగితే ఎవరికి ఎంత నష్టం అన్నవే బిల్లును ఎక్కువగా పెంచుతాయి. ఈ మూడూ రాయకుండా పిలిచిన టెండర్‌లో తక్కువ కోట్‌కు పెద్దగా అర్థం ఉండదు.

మెగావాట్లు అన్నంత మాత్రాన సబ్‌స్టేషన్ అక్కర్లేదు

తిరుపతి క్యాన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ చికిత్సకు వాడే లీనియర్ యాక్సిలరేటర్ కూడా ఒక చిన్న పార్టికల్ యాక్సిలరేటరే. ఈ తరహా యంత్రాల వివరాల్లో ‘నాలుగైదు మెగావాట్లు’ అన్న మాట కనిపిస్తే, దానికి విడిగా సబ్‌స్టేషన్ వేయాలేమో అనుకోవడం సహజం. లెక్క చేసి చూస్తే సంగతి తెలుస్తుంది.

మాగ్నెట్రాన్‌తో (మైక్రోవేవ్‌లు పుట్టించే ట్యూబుతో) నడిచే మామూలు యంత్రంలో మాడ్యులేటర్ ఇచ్చే పల్స్ సుమారు 45 కిలోవోల్టులు, 100 ఆంపియర్లు ఉంటుందనుకుందాం. రెండూ గుణిస్తే 4.5 మెగావాట్లు. కానీ ఆ పల్స్ నిలిచేది 4 మైక్రోసెకన్లే. అంటే ఒక్కో పల్స్‌లో వెళ్లే శక్తి 18 జౌల్స్. సెకనుకు 250 పల్సులు వేసినా సగటు 4.5 కిలోవాట్లు. పొలంలో ఆరు హార్స్‌పవర్ బోరు మోటారు చేసే పనీ దాదాపు అంతే.

పీక్ పవర్‌కూ సగటు పవర్‌కూ ఉన్న ఈ దూరం తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లకు కొత్త కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో వాతావరణ పొరలను పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది. దాని మొదటి రూపంలో పీక్ పవర్ 2.5 మెగావాట్లు, డ్యూటీ (మొత్తం సమయంలో పల్స్ నిలిచే వాటా) గరిష్ఠంగా 2.5 శాతం. అంటే సగటున 62.5 కిలోవాట్లు. రాడార్ అయినా యాక్సిలరేటర్ అయినా సూత్రం ఒకటే: లైన్ నుంచి నెమ్మదిగా తీసుకుని దాచిపెట్టు, అవసరమైన క్షణంలో ఒక్కసారిగా వదులు. ఎంత దాచాలి, ఎక్కడ దాచాలి, దేనితో వదలాలి అన్న మూడు ప్రశ్నలకు ఇచ్చే జవాబులే డిజైన్.

లెక్క లోడ్ దగ్గర మొదలవ్వాలి

మాడ్యులేటర్ తనంతట తానుగా కణాలను వేగవంతం చేయదు. అది క్లైస్ట్రాన్ లేదా మాగ్నెట్రాన్ అనే ట్యూబుకు వోల్టేజీ ఇస్తుంది, దాని లోడ్ ఆ ట్యూబే. ఆ ట్యూబు మైక్రోవేవ్ పవర్ పుట్టిస్తుంది, కణాలను నెట్టేది ఆ మైక్రోవేవ్‌లు. కాబట్టి ట్యూబు డేటాషీట్ చేతిలో లేకుండా సప్లై ధర అడగడం దండగ.

క్లైస్ట్రాన్ మామూలు రెసిస్టర్‌లా ప్రవర్తించదు. దానిలో కరెంటు వోల్టేజీకి ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది, అందువల్ల పవర్ రెండున్నర ఘాతంలో పెరుగుతుంది. వోల్టేజీ 1 శాతం తగ్గితే ట్యూబులోకి వెళ్లే పవర్ దాదాపు 2.5 శాతం తగ్గుతుంది, బయటికొచ్చే మైక్రోవేవ్ ఫేజ్ (అల లేచి పడే సమయం) కూడా జరుగుతుంది. ఫేజ్ జరిగితే కణాలకు అందే శక్తి మారుతుంది. వైద్య యంత్రంలో కొంతవరకు ఓర్చుకోగల ఈ తేడాను ఎక్స్‌రే లేజర్ యంత్రాలు ఓర్చుకోలేవు. వాటిలో పల్స్‌కూ పల్స్‌కూ మధ్య తేడా పది లక్షల్లో కొన్ని పదుల వంతులకు మించకూడదని అడుగుతారు.

ఒక ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో వాడే 5045 రకం క్లైస్ట్రాన్. దానికి 350 కిలోవోల్టులు, 414 ఆంపియర్లు కావాలి. పీక్ పవర్ 145 మెగావాట్లు. చదునుగా నిలవాల్సిన సమయం 3.5 మైక్రోసెకన్లు కాబట్టి పల్స్‌కు సుమారు 507 జౌల్స్. సెకనుకు 120 పల్సుల చొప్పున 61 కిలోవాట్లు. వోల్టేజీ లేచే, దిగే సమయాల్లో పోయే శక్తి దీనికి అదనం. ఆ శక్తి వేడి అవుతుందే తప్ప ఒక్క కణాన్ని కూడా ముందుకు నెట్టదు. పల్స్ పొట్టిదయ్యేకొద్దీ ఈ వృథా వాటా పెరుగుతుంది.

దాచే చోటే అసలు ఖర్చు

పొట్టి పల్సులకు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి పల్స్ ఫార్మింగ్ నెట్‌వర్క్. వాడుకలో పీఎఫ్‌ఎన్ అంటారు. కాయిల్స్, కెపాసిటర్లు నిచ్చెనలా కలిపి చార్జ్ చేసి, స్విచ్ వేయగానే దాదాపు చతురస్రాకారపు పల్స్ వచ్చేలా అమర్చుతారు. లోడ్‌కు సరిగ్గా మ్యాచ్ అయితే దాచిన వోల్టేజీలో సగం లోడ్ మీదికి వస్తుంది, దాచిన శక్తి మొత్తం ఒకే పల్స్‌లో ఖాళీ అవుతుంది. స్లాక్ యంత్రంలో పీఎఫ్‌ఎన్ సుమారు 46.7 కిలోవోల్టులకు చార్జ్ అవుతుంది. అందులో సగం, అంటే 23.3 కిలోవోల్టులు, 1:15 పల్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తాయి. దాంతో 350 కిలోవోల్టులు వస్తాయి. ప్రైమరీ వైపు కరెంటు 6,200 ఆంపియర్లు దాటుతుంది.

ఈ ఏర్పాటులో పెద్ద సుగుణం, దాచిన శక్తి వాడే శక్తికి దాదాపు సమానం కావడం. ట్యూబులో ఆర్క్ (మెరుపులాంటి స్పార్క్) వచ్చి షార్ట్ అయినా కరెంటు మహా అయితే రెట్టింపవుతుంది, ఆ పల్స్‌తోనే శక్తి అయిపోతుంది.

పల్స్ పొడవైతే ఈ సౌకర్యం పోతుంది. వందల మైక్రోసెకన్లకు పీఎఫ్‌ఎన్ కట్టాలంటే కాయిల్స్, కెపాసిటర్లు పరిమాణంలో చేతికి అందవు. అప్పుడు పెద్ద కెపాసిటర్ బ్యాంకును చార్జ్ చేసి, స్విచ్‌తో కరెంటు వదిలి, పల్స్ అయిపోగానే ఆపేయాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కెపాసిటర్ నుంచి కరెంటు తీస్తున్నకొద్దీ వోల్టేజీ కుంగుతుంది. ఆ కుంగుబాటు 1 శాతం దాటకూడదంటే, పల్స్‌కు కావాల్సిన శక్తికి 50 రెట్లు దాచిపెట్టాలి.

ఇందోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ, యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని లినాక్-4 యాక్సిలరేటర్ కోసం అభివృద్ధి చేసిన మాడ్యులేటర్ అంకెలతో చూద్దాం. 100 కిలోవోల్టులు, 20 ఆంపియర్లు, 800 మైక్రోసెకన్లు, సెకనుకు 2 పల్సులు. పల్స్‌కు 1,600 జౌల్స్, సగటు 3.2 కిలోవాట్లు. అంటే సగటు పవర్‌లో ఇది మొదట చెప్పిన ఆస్పత్రి యంత్రం కంటే చిన్నది! పీక్ పవర్ 2 మెగావాట్లు, అదీ చిన్నదే. కానీ ఉత్త కెపాసిటర్ బ్యాంకుతోనే 1 శాతం లోపు కుంగుబాటు సాధించాలంటే దాచాల్సింది 80,000 జౌల్స్. ఆస్పత్రి యంత్రం పల్స్‌కు వాడేది 18 జౌల్స్ అని గుర్తుంటే, రెండు యంత్రాల ధరను ‘కిలోవాట్‌కు ఇంత’ అని పోల్చడం ఎందుకు కుదరదో తెలిసిపోతుంది.

అందుకే ఆ మాడ్యులేటర్‌లో బౌన్సర్ అనే అదనపు సర్క్యూట్ వాడారు. కాయిల్, కెపాసిటర్ కలిసి ఊగే వోల్టేజీలో దాదాపు సరళరేఖగా ఉండే ముక్కను పట్టుకుని, మెయిన్ బ్యాంకు కుంగుతున్న మేరకు దాన్ని కలుపుతారు. కుంగుబాటు, దిద్దుబాటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బ్యాంకును 10 శాతం కుంగనివ్వగలిగితే దాచాల్సింది 50 రెట్ల నుంచి దాదాపు 5 రెట్లకు దిగుతుంది. ఒక తెలివైన చిన్న సర్క్యూట్ ఒక గది నిండా కెపాసిటర్లను తప్పిస్తుంది. ఈ రంగంలో డిజైనర్ జీతం ఎక్కడ గిట్టుబాటవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ట్రాన్స్‌ఫార్మర్ కోరుకునేది వోల్ట్-సెకన్లు

పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సైజును వోల్టేజీ ఒక్కటే నిర్ణయించదు. వోల్టేజీని పల్స్ పొడవుతో గుణించగా వచ్చే అంకె నిర్ణయిస్తుంది. 350 కిలోవోల్టులు, 3.5 మైక్రోసెకన్లకు అది సుమారు 1.2 వోల్ట్-సెకన్లు. 100 కిలోవోల్టులు, 800 మైక్రోసెకన్లకు 80. వోల్టేజీ మూడో వంతు కన్నా తక్కువే, భారం 65 రెట్లు ఎక్కువ. చుట్లు పెంచి కోర్ తగ్గించొచ్చు. కానీ చుట్లు పెరిగితే లీకేజ్ ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారకుండా అడ్డుకునే గుణం) పెరిగి పల్స్ నెమ్మదిగా లేస్తుంది.

స్వీడన్‌లోని లుండ్‌లో కడుతున్న, న్యూట్రాన్లు పుట్టించే యూరోపియన్ స్పాలేషన్ సోర్స్ మాడ్యులేటర్లకు 115 కిలోవోల్టులు, 100 ఆంపియర్లు, 3.5 మిల్లీసెకన్లు కావాలి. నేరుగా పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 400 వోల్ట్-సెకన్లు దాటుతుంది. కాబట్టి అక్కడ దారి మార్చారు. తక్కువ వోల్టేజీలో శక్తి దాచి, దాన్ని హై ఫ్రీక్వెన్సీ ఏసీగా మార్చి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లతో పెంచి, రెక్టిఫై చేసి (డీసీగా మార్చి), అలాంటి యూనిట్లను ఒకదానిపై ఒకటి సిరీస్‌లో పేర్చారు. ఒక్కో సైకిల్ చాలా పొట్టిది కాబట్టి ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ మోయాల్సిన వోల్ట్-సెకన్లూ తక్కువే.

స్విచ్ పాతదా, కొత్తదా

థైరట్రాన్ గ్యాస్ నింపిన ట్యూబు. పదుల కిలోవోల్టులు, వేల ఆంపియర్లు ఒక్క ట్యూబే తట్టుకుంటుంది. మొదట్లో చవక. కానీ కాలం చెల్లే వస్తువు. కొన్ని వేల గంటల నుంచి కొన్ని పదివేల గంటల తర్వాత మార్చాలి, లోపలి గ్యాస్ మోతాదును నిలిపే రిజర్వాయర్ వోల్టేజీని మధ్యమధ్యలో సర్దుతూ ఉండాలి. వేయడమే తెలుసు, మధ్యలో ఆపడం దానికి రాదు.

ఐజీబీటీ లాంటి సాలిడ్‌స్టేట్ (సెమీకండక్టర్) స్విచ్ ఒక్కొక్కటి కొన్ని కిలోవోల్టులకే పనికొస్తుంది, కాబట్టి చాలా పేర్చాలి. జర్మనీకి చెందిన ఎర్విన్ మార్క్స్ 1924లో చెప్పిన పద్ధతి, అంటే కెపాసిటర్లను ప్యారలల్‌లో చార్జ్ చేసి సిరీస్‌లో కలిపి డిశ్చార్జ్ చేయడం, ఈ స్విచ్‌లతో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఒకటి రెండు సెల్స్ (స్విచ్, కెపాసిటర్ కలిసిన యూనిట్లు) అదనంగా పెడితే, ఒక సెల్ పాడైనా మిగిలినవి పని నడిపిస్తాయి. గాదంకి రాడార్‌లోనూ ఇలాంటి మార్పే వచ్చింది. మొదట 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు 1,024 యాంటెనాలకు పవర్ ఇచ్చేవి, తర్వాత యాంటెనాకు ఒకటి చొప్పున సాలిడ్‌స్టేట్ మాడ్యూల్స్ వచ్చాయి. కొన్ని మాడ్యూల్స్ పోయినా పరిశీలన ఆగదు.

సాలిడ్‌స్టేట్ బ్యాంకుకు ఒక బరువైన బాధ్యత ఉంది. క్లైస్ట్రాన్‌లో ఆర్క్ వస్తే దానిలోకి వెళ్లే శక్తి 10 నుంచి 20 జౌల్స్ దాటకూడదని తయారీదారులు సాధారణంగా షరతు పెడతారు. వెనక వేల జౌల్స్ ఉన్నప్పుడు స్విచ్ కొన్ని మైక్రోసెకన్లలో తెరుచుకుని కరెంటును తెంచి తీరాలి. ఆ ప్రొటెక్షన్ సర్క్యూట్‌ను చవకగా చేస్తే మాడ్యులేటర్ కంటే ఖరీదైన ట్యూబు పోవచ్చు.

ఎండాకాలం, కెపాసిటర్ ఆయుష్షు

ఫిల్మ్ కెపాసిటర్ల ఆయుష్షు వోల్టేజీకి సుమారు ఏడో ఘాతంలో విలోమంగా మారుతుందని పరిశ్రమలో వాడే లెక్క. రేటింగ్ కంటే 10 శాతం తక్కువ వోల్టేజీకి నడిపితే ఆయుష్షు దాదాపు రెట్టింపు. అయితే అదే శక్తి దాచడానికి కెపాసిటెన్స్ 23 శాతం పెరగాలి. పావు వంతు అదనపు ఖర్చుకు రెట్టింపు కాలం వస్తోంది కాబట్టి పదేళ్లు నడవాల్సిన యంత్రానికి ఇది మంచి బేరం. తక్కువ కోట్ వేసిన సప్లయర్ తరచుగా కత్తెర వేసేది ఇక్కడే, ఎందుకంటే అప్పగించే రోజు పరీక్షలో ఈ తేడా కనిపించదు.

వేడి రెండో శత్రువు. చార్జర్లలో వాడే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ సగం అవుతుందని మోటు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, ప్యానల్ లోపల ఇంకా ఎక్కువ. చల్లటి దేశంలో 25 డిగ్రీల గదికి లెక్కగట్టిన డిజైన్‌ను అలాగే తెచ్చి పెడితే సమస్య మొదటి వేసవిలోనే బయటపడొచ్చు. ఏసీ, చిల్లర్, డీయోనైజ్డ్ వాటర్ యూనిట్, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఫిల్టరింగ్ ఇవన్నీ అంచనాలో మొదటి నుంచీ ఉండాలి. ‘సివిల్ వర్క్స్’ కింద వదిలేస్తే తర్వాత ఎవరి బాధ్యతా కాకుండా పోతాయి.

భద్రత ఖర్చు గురించి బేరం ఉండకూడదు. గుండె లయ తప్పినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చే షాక్ గరిష్ఠంగా 360 జౌల్స్. పైన చెప్పిన స్లాక్ తరహా యంత్రంలో ప్రతి పల్స్‌కూ అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా హై వోల్టేజ్ కెపాసిటర్‌ను ఒకసారి డిశ్చార్జ్ చేసి వదిలేస్తే, లోపలి డైఎలక్ట్రిక్‌లో (ఇన్సులేటింగ్ పొరలో) మిగిలిన చార్జ్ నెమ్మదిగా పైకి తేలి టెర్మినల్స్ మీద మళ్లీ వోల్టేజీ వస్తుంది. అందుకే డోర్ ఇంటర్‌లాక్, చార్జ్‌ను మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఉన్నా సరే, పని చేసేంతసేపూ ఎర్త్ రాడ్ తగిలించే ఉంచుతారు. ఈ వోల్టేజీల దగ్గర ట్యూబుల నుంచి ఎక్స్‌రేలు కూడా వస్తాయి. సీసపు షీల్డింగ్, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు కూడా లెక్కలో భాగమే.

కరెంటు లైన్ మీద ప్రభావం

సెకనుకు కొన్ని పల్సులే వేసే పెద్ద యంత్రం ప్రతి పల్స్‌కూ లైన్ నుంచి ఒక్కసారిగా లాగితే అదే ఫీడర్ మీద ఉన్న ఇళ్లలో లైట్లు మినుకుమంటాయి. మనిషి కన్ను ఈ మినుకును బాగా పట్టేది సెకనుకు 9 సార్ల ప్రాంతంలో. లుండ్ యంత్రం 14 పల్సుల వేగం దానికి దగ్గర్లోనే ఉంది, ఒక్కో మాడ్యులేటర్ సగటు పవర్ 560 కిలోవాట్లు. అందుకని అక్కడి చార్జర్లు లైన్ నుంచి ఎప్పుడూ ఒకే స్థాయిలో పవర్ తీసుకునేలా డిజైన్ చేశారు.

ఎవరి లెక్క వాళ్లదే

ఒకే మాడ్యులేటర్‌కు ముగ్గురు కొనుగోలుదారుల దగ్గర మూడు రకాల విలువ ఉంటుంది.

పెద్ద పరిశోధన యంత్రంలో కరెంటు బిల్లు ముఖ్యం. 560 కిలోవాట్ల మాడ్యులేటర్‌లో ఎఫిషియెన్సీ ఒక్క శాతం మెరుగైతే సుమారు 6 కిలోవాట్లు మిగులుతాయి. ఏడాదికి 5,000 గంటలు, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 2.4 లక్షల రూపాయలు. ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటే, ఇరవై ఏళ్లు నడిస్తే, మొదట కాస్త ఎక్కువ పెట్టడం సమంజసమే.

ఆస్పత్రిలో ఆ ఒక్క శాతానికి విలువే లేదు. బీమ్ ఆన్‌లో ఉండేదే రోజులో కొద్ది సమయం. అక్కడ ఖరీదైనది ఆగిన రోజు. రేడియేషన్ చికిత్స వారాల తరబడి వరసగా సాగాలి, మధ్యలో విరామం వస్తే ఫలితం దెబ్బతింటుంది. మదనపల్లె నుంచో కుప్పం నుంచో వచ్చి తిరుపతిలో గది తీసుకుని ఉన్న కుటుంబానికి ప్రతి అదనపు రోజూ సొంత ఖర్చు. ఈ నష్టం ఏ టెండర్ పట్టికలోనూ కనిపించదు, కనిపించాలి. స్పేర్ మాగ్నెట్రాన్, స్పేర్ స్విచ్ ఇక్కడే స్టోర్‌లో ఉన్నాయా, సర్వీస్ ఇంజనీర్ ఎన్ని గంటల్లో వస్తారు అన్న ప్రశ్నలకు ధర కంటే ఎక్కువ మార్కులు ఉండాలి.

మూడో కొనుగోలుదారు చిత్తూరు మామిడి రైతుకు దగ్గరివాడు, పళ్లకు రేడియేషన్ ఇచ్చే కేంద్రం నడిపేవాడు. అమెరికాకు పంపే మన మామిడికి కనీసం 400 గ్రేల (గ్రే అంటే కిలోకు ఒక జౌల్) రేడియేషన్ ఇవ్వాలన్న నిబంధన ఉంది. యాక్సిలరేటర్‌తో ఆ పని చేయాలంటే కావాల్సింది సగటు పవర్. 1 కిలోవాట్ ఎలక్ట్రాన్ బీమ్‌లో 30 శాతం పండులోకి చేరిందనుకుంటే గంటకు 2.7 టన్నులు అవుతుంది. కానీ ఆహారానికి అనుమతించిన 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గరిష్ఠ శక్తితో కూడా ఎలక్ట్రాన్లు కొన్ని సెంటీమీటర్ల లోతుకే వెళ్తాయి. డబ్బాల్లో పేర్చిన పళ్లకు ఎక్స్‌రేగా మార్చి వాడాలి, ఆ మార్పిడిలో శక్తి దాదాపు పదో వంతే మిగులుతుంది. అంటే అదే పనికి సగటు పవర్ దాదాపు పది రెట్లు కావాలి, మాడ్యులేటర్ చార్జర్, కూలింగ్ ఆ మేరకు పెరుగుతాయి. సీజన్ చూస్తే కొద్ది వారాలే. ఏడాదంతా నడిపించే ఇంకో పని, ఉదాహరణకు వైద్య పరికరాల స్టెరిలైజేషన్, తోడు లేకపోతే పెట్టుబడి తిరిగి రావడం కష్టం.

ఇక్కడ తయారవగలిగేవి

మాడ్యులేటర్ ఖర్చులో విదేశాల నుంచి తెప్పించక తప్పనివి కొన్ని ఉన్నాయి: హై పవర్ థైరట్రాన్లు, కొన్ని రకాల హై వోల్టేజ్ ఐజీబీటీలు, ట్రాన్స్‌ఫార్మర్లకు వాడే నానోక్రిస్టలైన్ కోర్లు. డాలర్ పెరిగితే అంచనా తప్పేది వీటి దగ్గరే. మిగతావి మాత్రం తిరుపతి పరిసరాలకు అందనివి కావు. కెపాసిటర్ చార్జింగ్ సప్లై మూలంలో పవర్ ఎలక్ట్రానిక్స్ యంత్రమే. కరకంబాడి, రేణిగుంట వైపు బ్యాటరీలు, చార్జర్లు, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే అనుభవం ఉంది. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. గాదంకిలో పల్స్ పవర్‌ను ఏళ్ల తరబడి నడిపిన చేతులున్నాయి.

తేడా సంఖ్యలో వస్తుంది. మొబైల్ చార్జర్లు లక్షల్లో తయారవుతాయి, మాడ్యులేటర్లు ఒకటి రెండుగా. మొదటి యూనిట్ ధరలో డిజైన్, పరీక్షలు, తప్పుల దిద్దుబాటు అన్నీ కలిసిపోతాయి. పదో యూనిట్‌కు అవి పంచుకుపోతాయి. ప్రోటోటైప్ ధరను సంఖ్యతో గుణించి ప్రాజెక్టు అంచనా వేసినా, పెద్ద ఆర్డర్ ధర చూపించి ఒక్క యూనిట్ అడిగినా లెక్క తప్పుతుంది.

స్థానిక తయారీకి ముందుగా కావాల్సింది ఫ్యాక్టరీ షెడ్డు కన్నా పరీక్షల గది. 100 కిలోవోల్టుల పల్స్‌ను 0.1 శాతం కచ్చితత్వంతో కొలిచే డివైడర్, ఆయిల్ బ్రేక్‌డౌన్ టెస్ట్ సెట్, పూర్తి సగటు పవర్ మింగగల నీటితో చల్లబడే డమ్మీ లోడ్ అందులో ఉండాలి. డమ్మీ లోడ్ రెసిస్టర్ లాంటిది, క్లైస్ట్రాన్ కాదు. కాబట్టి ఆర్క్‌ను అనుకరించడానికి వైర్ టెస్ట్ కూడా కావాలి. పూర్తి వోల్టేజీలో అవుట్‌పుట్‌ను సన్నటి రాగి తీగ ద్వారా షార్ట్ చేస్తారు. స్విచ్ సమయానికి తెరుచుకుంటే తీగ తెగకుండా నిలుస్తుంది. తీగ కాలిపోతే ఆ యూనిట్‌ను తిరిగి వర్క్‌షాప్‌కు పంపిస్తారు.